తాత ఊరు, మనవడి జెర్సీ

2025 మార్చి 25న షిల్లాంగ్‌లో భారత్, బంగ్లాదేశ్ జట్లు ఆసియా కప్ అర్హత పోటీలో తలపడ్డాయి. ఒక్క గోల్ కూడా పడలేదు. ఆట గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు గానీ, ఆ సాయంత్రం మైదానంలో ఉన్న ఇద్దరి పుట్టుపూర్వోత్తరాలు పక్కపక్కన పెట్టి చూడాల్సినవి. ఒకరు సునీల్ ఛెత్రి. 94 గోల్స్‌తో 2024 జూన్‌లో అంతర్జాతీయ ఆటకు స్వస్తి చెప్పి, నలభై ఏళ్ల వయసులో మళ్లీ పిలిపించుకున్నవాడు. పుట్టింది మన సికింద్రాబాద్‌లో. తండ్రి భారత సైన్యంలో పనిచేశాడు. నేపాలీ మూలాలున్న కుటుంబం. తల్లి, ఆమె కవల సోదరి నేపాల్ మహిళల జట్టుకు ఆడినవాళ్లు. రెండోవాడు హమ్జా చౌధురి. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో పుట్టాడు. తల్లి బంగ్లాదేశీ, కన్నతండ్రిది కరీబియన్ దీవి గ్రెనడా. ఇంగ్లండ్ అండర్-21 జట్టుకు ఆడి, లెస్టర్ సిటీలో ఎదిగి, చివరికి తల్లి దేశాన్ని ఎంచుకున్నాడు. బంగ్లాదేశ్‌కు అదే అతని మొదటి మ్యాచ్. ఆ ఏడాది నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్ 1-0తో మనల్ని ఓడించింది. 2003 తర్వాత మనపై వాళ్లు గెలవడం అదే మొదటిసారి. అప్పటికే మనకు 2027 ఆసియా కప్ దారి మూసుకుపోయింది. ఆ నెల ఫిఫా ర్యాంకుల్లో మన స్థానం 142.

ఛెత్రిని నీది ఏ దేశమని ఎవరూ అడగలేదు, అడగనక్కర్లేదు కూడా. హమ్జాను బంగ్లాదేశ్ అడగలేదు. అక్కడి చట్టం బ్రిటిష్ పౌరసత్వాన్ని ఉంచుకోనిస్తుంది. అదే హమ్జా తల్లి భారతీయురాలైతే అతను మన జట్టులోకి రావడానికి ఒక్కటే మార్గం: బ్రిటిష్ పాస్‌పోర్టు వదిలేయాలి. 2008 డిసెంబరులో కేంద్ర క్రీడా మంత్రిత్వశాఖ పెట్టిన నియమం ఇది. భారత పౌరులే దేశం తరఫున ఆడాలి, విదేశాల్లోని భారత సంతతికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే విదేశీ పౌరులకు చోటు లేదు. అంతకుముందు అమెరికా పౌరుడైన ప్రకాశ్ అమృతరాజ్ డేవిస్ కప్‌లో మనకు ఆడాడు. నియమం వచ్చాక ఆ తలుపు మూసుకుంది. 2010లో ఢిల్లీ హైకోర్టు కూడా విధానం సరైనదేనంది. దేశానికి ఆడేవాడు దేశానికి పూర్తిగా చెందినవాడై ఉండాలన్న ఆలోచన వినడానికి న్యాయంగానే ఉంటుంది. పదిహేడేళ్లుగా అది ఎలాంటి ఫలితమిచ్చిందో చూస్తే ఆ న్యాయం నిలవదు.

ఈ దారిలో భారత ఫుట్‌బాల్‌కు వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. అరాటా ఇజుమి గుజరాతీ తండ్రికి జపాన్‌లో పుట్టాడు. 2006 నుంచి ఇక్కడి క్లబ్బులకు ఆడుతూ, 2012లో జపాన్ పౌరసత్వం వదులుకుని, 2013లో భారత జెర్సీ వేసుకునేసరికి అతనికి ముప్పై ఏళ్లు నిండాయి. రయాన్ విలియమ్స్ పెర్త్‌లో పుట్టాడు. తల్లి వైపు తాత లింకన్ గ్రోస్టేట్ 1950లలో సంతోష్ ట్రోఫీలో బొంబాయికి ఆడినవాడు. బెంగళూరు ఎఫ్‌సీలో ఆడుతూ 2025లో ఆస్ట్రేలియా పాస్‌పోర్టు ఇచ్చేసి భారత పౌరుడయ్యేనాటికి రయాన్ వయసు 32. ఇద్దరూ మనస్ఫూర్తిగా వచ్చినవాళ్లే, వాళ్ల త్యాగాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఇద్దరూ ఐరోపాలోనో ఆస్ట్రేలియాలోనో ఇక ఆడాల్సిన పెద్ద ఆట మిగల్లేదనుకున్న వయసులోనే రాగలిగారు. న్యూకాజిల్‌కు ఆడిన మైకేల్ చోప్రా భారత్‌కు ఆడాలని బాహాటంగానే కోరుకున్నాడు, బ్రిటిష్ పాస్‌పోర్టు దగ్గర ఆగిపోయాడు. పంతొమ్మిదేళ్ల కుర్రాడికైతే ఇది ఇంకా అసాధ్యం. ఇంగ్లండ్ క్లబ్బుల్లో విదేశీయుడు ఆడాలంటే వర్క్ పర్మిట్ కావాలి, దాని లెక్కల్లో ఆటగాడి దేశం ర్యాంకుకు చాలా విలువ ఉంది. 142వ ర్యాంకు దేశం పాస్‌పోర్టు చేతబట్టుకున్న రోజే ఆ కుర్రాడికి అక్కడి ఉద్యోగం పోవచ్చు. ఏ ఆట చూసి మనం వాణ్ని పిలిచామో ఆ ఆటే వాడి చేతుల్లోంచి జారిపోవచ్చు. అంటే ఈ నియమం జల్లెడ పడుతున్నది విధేయతను కాదు, వయసును.

అసలు ఫుట్‌బాల్‌లో జాతీయత అనేది ఏమిటన్న ప్రశ్న కొత్తది కాదు. లూయిస్ మోంటి 1930 ప్రపంచకప్ ఫైనల్‌ను అర్జెంటీనాకు, 1934 ఫైనల్‌ను ఇటలీకి ఆడాడు. పుష్కాష్ 1954లో హంగరీకి, 1962లో స్పెయిన్‌కు ఆడాడు. ఆ దెబ్బతో ఫిఫా కళ్లు తెరిచి, ఒక దేశానికి ఆడితే ఇక అంతే అని గీత గీసింది. తర్వాత ఆ గీతే మరీ బిగుసుకుపోయింది. మునీర్ అల్ హద్దాదీ సంగతి చూడండి. స్పెయిన్‌లో మొరాకో కుటుంబంలో పుట్టాడు. 2014 సెప్టెంబరులో మాసిడోనియాతో మ్యాచ్ చివర్లో పదమూడు నిమిషాలు స్పెయిన్‌కు ఆడాడు. మళ్లీ పిలుపు రాలేదు. 2018 ప్రపంచకప్‌కు మొరాకో తరఫున వెళ్తానంటే క్రీడా మధ్యవర్తిత్వ కోర్టు కుదరదంది. పందొమ్మిదేళ్ల వయసులో ఆడిన పదమూడు నిమిషాలు అతని జాతీయతను శాశ్వతంగా రాసేశాయన్నమాట. ఇది సరికాదని ఫిఫాయే ఒప్పుకుంది. 21 ఏళ్లు నిండకముందు మూడు మ్యాచుల దాకా ఆడినవాళ్లు, ప్రపంచకప్, ఖండస్థాయి ఫైనల్ టోర్నీల్లో దిగనివాళ్లు, మూడేళ్లు ఆగాక మారవచ్చని 2020లో నియమం సడలించింది. మునీర్ 2021లో మొరాకోకు ఆడాడు.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఒక దేశం కొత్తగా పౌరసత్వం ఇచ్చినంత మాత్రాన ఫిఫా ఒప్పుకోదు. ఆటగాడు ఆ గడ్డ మీద పుట్టి ఉండాలి, లేదా కన్నతల్లో తండ్రో అక్కడ పుట్టి ఉండాలి, లేదా తాతయ్య, అమ్మమ్మ, నానమ్మల్లో ఒకరు పుట్టి ఉండాలి. ఇవేవీ లేకపోతే వయసును బట్టి కొన్నేళ్లు అక్కడ నివసించి ఉండాలి. డబ్బు పోసి బ్రెజిల్ ఆటగాళ్లను కొనుక్కునే గల్ఫ్ దేశాల పోకడకు అడ్డుకట్టగా ఈ నియమాలు రూపుదిద్దుకున్నాయి. నా దృష్టిలో పాస్‌పోర్టు కంటే, వంశం కంటే ఇదే మంచి కొలబద్ద. పాస్‌పోర్టు ఒక ప్రభుత్వం ఇచ్చే కాగితం, వంశం ఎంత దూరమైనా సాగదీయగలిగింది. తాత పుట్టిన ఊరు మాత్రం మనవడికి చాలాసార్లు చూసిన ఊరో, విన్న ఊరో అయి ఉంటుంది.

వంశాన్ని ఎంత దూరమైనా సాగదీసే అలవాటు మన పత్రికలకే ఎక్కువ. వికాశ్ దొరాసూ పేరు గుర్తుండే ఉంటుంది. మారిషస్ నుంచి వచ్చిన తెలుగు మూలాల కుటుంబంలో 1973లో ఫ్రాన్స్‌లోని హార్‌ఫ్లూర్‌లో పుట్టాడు. లియోన్, ఏసీ మిలాన్, పారిస్ సెయింట్ జెర్మెయిన్ క్లబ్బులకు ఆడాడు. ఫ్రాన్స్‌కు 18 మ్యాచులు ఆడాడు. 2006 ప్రపంచకప్‌లో స్విట్జర్లాండ్, దక్షిణ కొరియా మ్యాచుల చివరి నిమిషాల్లో దిగాడు, మిగతా టోర్నీ అంతా బెంచీ మీద కూర్చుని తన చేతి కెమెరాతో తన ఒంటరితనాన్నే చిత్రీకరించుకుని దాన్ని 'సబ్‌స్టిట్యూట్' అనే సినిమాగా తెచ్చాడు. ప్రపంచకప్ ఆడిన తెలుగోడు అని మనం మురిసిపోయాం. తప్పేం లేదు. కానీ దొరాసూ భారత్‌కు ఎప్పుడూ 'దక్కాల్సినవాడు' కాదు. అతని పూర్వీకులు ఓడెక్కింది 19వ శతాబ్దంలో, చెరకు తోటల కూలీల కాలంలో. ఎంచుకోవాలంటే అతని ముందున్నవి ఫ్రాన్స్, మారిషస్. మన కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో మారిషస్‌లోని భారత సంతతికి ఏడో తరం దాకా ఓసీఐ కార్డు ఇస్తామంది. రాకపోకలకు, చదువుకు, బంధుత్వానికి అది మంచిదే. ఏడో తరం బంధాన్ని జాతీయ జట్టు ఎంపికకు వాడుకుంటామంటే మాత్రం నవ్వులాటే అవుతుంది. రెండు తరాల దగ్గర ఆగమని ఫిఫా చెప్పడంలో వివేకం ఉంది.

రెండు తరాలే ఎందుకు? మనుషులు కదలకపోయినా సరిహద్దు గీతలు కదిలేది సరిగ్గా ఆ వ్యవధిలోనే. నాందేడ్ జిల్లా గోకుందలో ఇది పాఠ్యపుస్తకం అక్కర్లేకుండానే తెలుస్తుంది. ఆ ఊరు ఉన్న కిన్వట్ తాలూకా 1956 అక్టోబరు దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాది. నవంబరు 1న బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వెళ్లింది. అక్కడ ఒకే ఇంట్లో తాత పుట్టిన జిల్లా ఆదిలాబాద్, మనవడు పుట్టిన జిల్లా నాందేడ్. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ. ఇంకాస్త తూర్పుకు వెళ్తే తెలంగాణలోని కెరమెరి మండలం సరిహద్దులో రెండు రాష్ట్రాలూ తమవేనంటున్న ఊళ్లున్నాయి. అక్కడి జనం రెండుచోట్లా ఓటేస్తూ, రెండు ప్రభుత్వాల పథకాలూ అందుకుంటూ వచ్చారు. మన రాజ్యాంగంలో పౌరసత్వం ఒక్కటే కాబట్టి గోకుంద కుర్రాడు హైదరాబాద్ క్లబ్‌కు ఆడినా, ముంబయి క్లబ్‌కు ఆడినా ఎవరూ వాడి నిబద్ధతను ప్రశ్నించరు. సిల్హెట్‌కు ఆ అదృష్టం లేకపోయింది. 1947 దాకా అది అసోంలో జిల్లా, రాజధాని షిల్లాంగ్. జూలైలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, ఆగస్టులో జిల్లాలో ఎక్కువ భాగం పాకిస్తాన్‌కు పోయింది, 1971లో బంగ్లాదేశ్ అయింది. హమ్జా తల్లిది ఆ పాత సిల్హెట్ జిల్లాలోని హబీగంజ్. అంటే అతను బంగ్లాదేశ్‌కు మొదటి మ్యాచ్ ఆడింది ఒకప్పుడు తన అమ్మమ్మ ఊరికి రాజధాని అయిన పట్టణంలోనే, పరదేశి జట్టు తరఫున. గీత కిన్వట్ మీదుగా జరిగితే జిల్లా మారింది, సిల్హెట్ మీదుగా జరిగితే దేశం మారింది. ఇలాంటి చరిత్ర ఉన్న ఉపఖండంలో జాతీయతను ఒక్క పాస్‌పోర్టు రంగుతో తేల్చేయడం మొండితనం.

ఇక్కడ మన ఫుట్‌బాల్ పెద్దలు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. క్రీడాశాఖ మనసు మార్చుకుంటే చాలు, ఓసీఐ ఆటగాళ్లు రేపే దిగిపోతారన్నట్టు మాట్లాడతారు. 2025 జూలైలో కేంద్రం ఆమోదించిన క్రీడా విధానం 'ఖేలో భారత్ నీతి' కూడా విదేశాల్లోని భారత సంతతి క్రీడాకారులు వచ్చి ఆడేలా ప్రోత్సహిస్తామంది. కానీ తలుపుకు తాళాలు రెండు. క్రీడాశాఖ తీయగలిగింది ఒకటే. రెండోది ఫిఫాది. తాత పుట్టుక అదనపు షరతు మాత్రమే. ముందుగా ఆటగాడికి ఆ దేశపు శాశ్వత జాతీయత ఉండాలి, అది నివాసం మీద ఆధారపడనిదై ఉండాలి. 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ఆర్భాటంగా మొదలైన ఓసీఐ పథకంలో పౌరసత్వం అన్న పేరు ఉంది గానీ, పౌరసత్వం లేదు. అది జీవితకాలపు వీసా లాంటిది. కాబట్టి తాళంచెవి హోంశాఖ చేతిలో, 1955 పౌరసత్వ చట్టంలో ఉంది. పౌరసత్వ విషయాల్లో చట్టం చేసే అధికారం రాజ్యాంగం 11వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. కావాల్సింది ఒక పరిమిత సవరణ: తల్లిదండ్రుల్లో లేదా తాత, అమ్మమ్మ, నానమ్మల్లో ఒకరు నేటి భారత భూభాగంలో పుట్టినట్టు రుజువైన క్రీడాకారుడికి, విదేశీ పౌరసత్వం వదులుకోకుండానే, క్రీడల కోసం భారత జాతీయత. ఓటు హక్కు ఉండదు, పోటీ చేసే హక్కు ఉండదు, వ్యవసాయ భూమి కొనే హక్కు ఉండదు.

ఇది ఊహ కాదు. మనలాగే ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోని సురినామ్, నెదర్లాండ్స్‌లో పుట్టిన తమ సంతతి ఆటగాళ్ల కోసం 2019లో స్పోర్ట్స్ పాస్‌పోర్టు తెచ్చింది. డచ్ పౌరసత్వం పోకుండా సురినామ్‌కు ఆడే వీలు కల్పించింది. ఆరు లక్షల చిల్లర జనాభా ఉన్న ఆ దేశం 2026 ప్రపంచకప్ అర్హత పోటీల్లో ఖండాంతర ప్లేఆఫ్ దాకా నెట్టుకొచ్చింది. మొరాకో సంగతి అందరికీ తెలిసిందే. 2022 ప్రపంచకప్ సెమీఫైనల్ చేరిన 26 మందిలో 14 మంది పరాయి గడ్డ మీద పుట్టినవాళ్లు.

అభ్యంతరాలు తేలిగ్గా కొట్టేయదగ్గవి కావు. మొదటిది విధేయత. రెండు దేశాలవాడు రేపు రెండోదానివైపు జారిపోడా అంటారు. బోటెంగ్ అన్నదమ్ములు 2010 ప్రపంచకప్‌లో ఒకరు ఘనాకు, ఒకరు జర్మనీకి ఎదురెదురుగా ఆడారు. ఎవరూ ఆట వదిలేయలేదు, ఎవరూ మెత్తబడలేదు. అనుమానమే ప్రమాణమైతే ఏమవుతుందో ఫ్రాన్స్ చూపించింది. శిక్షణ కేంద్రాల్లో ద్వంద్వ జాతీయత ఉన్న పిల్లల సంఖ్యను తగ్గించాలని ఫుట్‌బాల్ సమాఖ్య పెద్దలు లోపల మాట్లాడుకున్న సంగతి 2011లో బయటపడి దుమారం రేగింది, సాంకేతిక డైరెక్టర్ సస్పెండయ్యాడు. పన్నెండేళ్ల పిల్లవాణ్ని రేపు నువ్వు ఎవరికి ఆడతావో అని అడగడం కంటే, పెద్దయ్యాక తనే ఒకసారి ఎంచుకుని దానికే కట్టుబడమనడం మేలు. ఫిఫా నియమం చేస్తున్నదీ అదే.

రెండోది నకిలీ కాగితాలు. ఇది నిజమైన ప్రమాదం. మలేసియా ఏడుగురు ఆటగాళ్ల తాతలో, అమ్మమ్మలో, నానమ్మలో తమ దేశంలో పుట్టారని పత్రాలు చూపించింది. 2025 జూన్‌లో వాళ్లతో వియత్నాంను 4-0తో ఓడించింది. ఫిఫా అసలు రికార్డులు తెప్పిస్తే వాళ్లు పుట్టింది అర్జెంటీనా, స్పెయిన్, బ్రెజిల్, నెదర్లాండ్స్‌లో అని తేలింది. ఆటగాళ్లకు ఏడాది నిషేధం, సమాఖ్యకు మూడున్నర లక్షల స్విస్ ఫ్రాంకుల జరిమానా పడ్డాయి. మన దగ్గర చిక్కు ఇంకో రకం. జనన మరణాల నమోదు చట్టమే 1969ది. అంతకు ముందు హైదరాబాద్ సంస్థానపు పల్లెల్లో పుట్టిన తాతకు జనన ధ్రువపత్రం ఎక్కడిది? బడి రిజిస్టరో, రెవెన్యూ కాగితమో, చర్చి పుస్తకమో ఉండాలి. అందుకే రుజువుల పని ఫుట్‌బాల్ సమాఖ్య చేతిలో పెట్టకూడదు. గెలుపు కోరుకునేవాడు కాగితం తనిఖీ చేయకూడదు. ఏయే పత్రాలు చెల్లుతాయో చట్టమే చెప్పాలి, జిల్లా స్థాయి అధికారి సంతకం ఉండాలి, ఎంపికకు ముందే వాటిని బహిరంగంగా ఉంచాలి.

మూడోది స్థానిక పిల్లల అవకాశం. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ గల్లీల కుర్రాళ్లనూ, కోల్‌కతా క్లబ్బుల వాళ్లనూ కలిపి 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చాడు, అరువు ఆటగాళ్లెవరూ లేరు కదా అంటారు. నిజమే. కానీ అప్పుడు హైదరాబాద్ పోలీస్ జట్టు ఉండేది, లీగులు ఉండేవి. ఇప్పుడు తెలుగునేలకున్న ఒకే ఒక్క ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) జట్టు, 2022 విజేత హైదరాబాద్ ఎఫ్‌సీ, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఆ ఏడాది ఐఎస్ఎల్ సీజనే వేళకు మొదలవలేదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టులోకి, క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ దాకా వెళ్లిందంటే ఆమె దారిలో అడ్డుపడింది విదేశీ సంతతి ఆటగాళ్లు కారు. ఆడటానికి పోటీలు లేకపోవడమే ఏ జిల్లా పిల్లకైనా అసలు అడ్డు. క్రీడా జాతీయత ఈ జబ్బుకు మందని ఎవరైనా అంటే నమ్మొద్దు. నలుగురైదుగురు మంచి ఆటగాళ్లు జట్టును ఆసియా కప్‌కు చేర్చగలరేమో గానీ, ఆదిలాబాద్‌లో, నాందేడ్‌లో అండర్-13 లీగు పెట్టలేరు. అయితే ఒక తప్పు సరిదిద్దడానికి ఇంకో తప్పు సరయ్యేదాకా ఆగాలన్న వాదన కూడా చెల్లదు.

క్రీడాశాఖ 2008 నియమాన్ని తిరగరాయడంతో సరిపెట్టుకుంటే వచ్చే ఎన్నికల దాకా ఒక ప్రకటన మిగులుతుంది, ఆటగాడు మాత్రం రాడు. హోంశాఖ రెండు తరాల హద్దుతో పౌరసత్వ చట్టానికి సవరణ బిల్లు తేవాలి. తెలుగు రాష్ట్రాల ఎంపీలు, నాందేడ్ ఎంపీ కూడా, దాన్ని అడగాలి. ప్రవాసులతో సన్మానాలు చేయించుకోవడంలో చూపే హుషారులో పావువంతు చూపినా చాలు.